లోపలి అంచు

డిజైన్ గది, మూడో అంతస్తు
మార్చి 6

మామయ్యా,

ఫోన్ చేస్తే "ఆఁ, ఆఁ, బాగున్నా, నువ్వు తిన్నావా" అంటావు. నేనడిగింది అత్తయ్య ఎక్కడుందని. మూడుసార్లు అరిచాను. హాస్టల్లో పక్క గది అమ్మాయి వచ్చి, "మీ అత్తయ్య దొరికిందా" అని అడిగి వెళ్ళింది. అందుకే ఈ ఉత్తరం. చెవులు మొరాయించినా నీ కళ్ళు ఇంకా పనిచేస్తున్నాయిగా.

ఇక్కడ మేం ఎనిమిది మందిమి. ఏడుగురు కోర్సులు చదివి వచ్చారు. నేను జిరాక్సు షాపులోంచి వచ్చాను. గిరాకీ లేనప్పుడు ఆ షాపు కంప్యూటర్లో సౌండు లేకుండా వీడియోలు చూసి, తెర మీద బాణం ఎటు పోతే అటు పోయి నేర్చుకున్నదాన్ని. కమాండుల పేర్లు సగం నాకిప్పటికీ తెలీవు. "ఫలానాది చెయ్యి" అంటే తెల్లమొహం వేస్తాను, చేసి చూపిస్తే వాళ్ళకంటే ముందు చేసేస్తాను. దానికి నవ్వుకుంటారు. నవ్వనీ, పళ్ళు వాళ్ళవి.

పట్టీ ఉంగరం తెర మీద ఎలా పుడుతుందో చెప్తాను, తిట్టకుండా చదువు. వేలి కొలత వేస్తే ఒక వృత్తం వస్తుంది. పట్టీని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం ఒకటి గీస్తాను. దాన్ని వృత్తం చుట్టూ తిప్పితే ఉంగరం. రెండు వైపులా ఒకటే అయినచోట సగం గీసి అద్దం బొమ్మ నొక్కితే చాలు, మిగతా సగం అదే వస్తుంది. బంగారం అని చెప్తే కింద మూల బరువు కూడా చూపిస్తుంది, పోత పోయకముందే. ఆ తర్వాత ప్రింటరు దాన్ని మైనంలో దించుతుంది, మైనాన్ని బట్టి పోత పోస్తారు.

నాకు పన్నెండు పట్టీలు ఇచ్చారు. రాళ్ళు లేవు, పువ్వులు లేవు. పైన సన్నటి గట్టు ఒకటి, పొలం గట్టులా, కాస్త ఒక పక్కకి ఒరిగి చుట్టూ తిరుగుతుంది. అంచులు కత్తిలా తీశాను. ఈ పన్నెండూ నిలబడితే నన్ను పర్మనెంట్ చేస్తానన్నాడు మేనేజరు. లేకపోతే మళ్ళీ జిరాక్సే.

పని చేస్తుంటే నీ బంగారం పని గదే గుర్తొస్తోంది. మధ్యాహ్నం చిన్న కిటికీలోంచి పడే ఎండ, కుంపటి వాసన. బయటికి వెళ్ళేముందు గౌను దులిపించేవాడివి, నా జుట్టు ఇత్తడి పళ్ళెం మీద వంచి పాత బ్రష్షుతో దువ్వేవాడివి, రజను పోకూడదని. ఇంత బంగారం తల్లో పెట్టుకు తిరిగిన పిల్లని ఈ వీధిలో నేనొక్కదాన్నే అని స్కూల్లో చెప్పుకునేదాన్ని. సూది కాల్చి నీ పనిచెక్క మీద ఒంటికాలి కాకిని గీస్తే నువ్వు తిట్టిన తిట్లూ గుర్తున్నాయి. ఉంగరం ఆనించి ఆకురాయితో రాసే చెక్క మీద బొమ్మలేమిటే అని. రెండో కాలు నీ తిట్లవల్లే ఆగిపోయింది.

అన్నీ చూడనిచ్చావు. ఆకురాయి మాత్రం చేతికివ్వలేదు. "కళ్ళు పోతాయి, ఈ పనికి రోజులు కావు" అన్నావు. నేను కంప్యూటరు దగ్గరికి పోతే, "యంత్రం పోసిన ఉంగరాన్ని ఈ చేత్తో ముట్టను" అని అందరి ముందూ అన్నావు. నేను మర్చిపోలేదు. మర్చిపోయే రకాన్ని కాదని నీకూ తెలుసు.

కొట్టు మూసేశాక ఏం చేస్తున్నావు?

నీ మేనకోడలు

*

ఇల్లు, వెనక వరండా
మార్చి 17

వెలిగారానికి,

పేరు మార్చాననుకున్నావా. వెలిగారం ఇంతే కదా, కాస్త వేడి తగలగానే చిటపటలాడి ఇంతెత్తున పొంగుతుంది. ఆ పొంగు చూసి పారేసేవాడు పని తెలియనివాడు. అణిగాక అదే అద్దంలా పరుచుకుని అతుకు పట్టిస్తుంది. అణిగేదాకా ఓపిక పట్టాలంతే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అత్తయ్య మూడోసారి పైకి చదివించుకుంది. "పళ్ళు వాళ్ళవి" అన్నచోట నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది.

నా సంగతి ఏముంది. పొద్దున్నే నడకకి వెళ్తాను, సాయంత్రం వస్తాను. రోజంతా నడుస్తావా అని అడక్కు, దారిలో కూర్చోడానికి చోట్లున్నాయి.

గట్టు ఒక పక్కకి ఒరిగిందని రాశావు. మంచి పని చేశావు. నిటారుగా ఉంటే దువ్వెన వీపులా ఉండేది. చిన్నప్పుడు స్నానాల గదిలో సబ్బులన్నీ ఉంగరాలు చేసి పెట్టేదానివి. అప్పుడూ నీ గీత ఒక పక్కకే ఒరిగేది. చెయ్యి తిరగలేదనుకున్నాను. ఉద్దేశమేనన్నమాట.

ఒక్కటి అడుగుతాను, పొంగకు. ఆ పన్నెండింటిలో ఒక్కటైనా వేలికి పెట్టుకు చూశావా?

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. నీళ్ళు తాగుతూ ఉండు. ఆ కుర్చీలో గంటలకొద్దీ కదలకుండా కూర్చోకు.

మామయ్య

*

డిజైన్ గది
ఏప్రిల్ 22

మామయ్యా,

ఈ ఉత్తరం నీ మీద కోపంతో కాదు. కానీ కోపంతోనే.

మొదటి పెట్టె వచ్చింది. మెరుగు పని ఎక్కడో బయట చేయిస్తారు, డిజైన్లు బయటికి పొక్కుతాయని ఎక్కడో మాకు చెప్పరు. పన్నెండు పట్టీలు పంపాం, పన్నెండూ వచ్చాయి. పైన గట్టు అలాగే ఉంది. బయటి అంచులు అలాగే ఉన్నాయి. లోపలి అంచులు లేవు. అక్కడెవరో ప్రబుద్ధుడు ఆకురాయి పెట్టి లోపలి అంచులన్నీ గుండ్రంగా రాసి పారేశాడు. ఒకటి కాదు, పన్నెండూ. పిచ్చోడి చేతిలో రాయి అంటారు, ఇక్కడ ఆకురాయి.

ఆ అంచు ఊరికే రాలేదు. ఆ నాలుగు మిల్లీమీటర్ల పట్టీ అద్దం ముక్కలా తెగినట్టు ఉండాలని పదిహేడుసార్లు మార్చాను. తెర మీద దాన్ని తిప్పి చూస్తుంటే నాకే గర్వంగా ఉండేది. కోర్సు చదివిన ఏడుగురూ నా వెనక నిలబడి చూశారు. అప్పుడెవరూ నవ్వలేదు.

"లోపలి వైపేగా, ఎవరు చూస్తారు" అన్నాడు మేనేజరు. నేను చూస్తాను. నేను గీసింది ఒకటి, వాడు చేసింది ఒకటి. గీసినట్టు చెయ్యడం చేతకానివాడికి ఆకురాయి ఎందుకిచ్చారు? నాకైతే ఎవరూ ఇవ్వలేదు.

ఫిర్యాదు రాస్తున్నాను.

నువ్వడిగిన దానికి జవాబు: పెట్టుకోలేదు. ఎందుకు పెట్టుకోవాలి, కొలతలు సరిగ్గా ఉన్నాయి.

మేనకోడలు

*

వరండా
ఏప్రిల్ 30

వెలిగారానికి,

వాడు వాడు అని రాశావు. ఆమె కావచ్చు. పెద్దవాళ్ళు కావచ్చు. తెలియని మనిషిని ఏకవచనంలో తిట్టడానికి నోరు ఎలా వస్తుందే.

మన గదికి ఒక టైలరమ్మ వచ్చేది, గుర్తుందా? నీకు గుడ్డముక్కలు తెచ్చేది, బొమ్మలకి. ఆవిడ ఎక్కడో చేయించుకున్న పట్టీ ఉంగరం వేలికి ఉండేది. కత్తెర పట్టుకుని పట్టుకుని వేలి మొదట్లో చర్మం తెగి, మానీ మానక ఎర్రగా ఉండేది. ఉంగరం అంటే అంతేనేమో అనుకుని ఊరుకుంది పాపం. ఒకరోజు తీయించి, లోపలి అంచు పావుగంట రాసి ఇచ్చాను. నెల తర్వాత వచ్చి, "ఉంగరం ఉన్న సంగతే మర్చిపోతున్నానండీ" అంది. ఏదో చిన్న మాటే. ఆ తర్వాత ఎన్ని హారాలు చేశానో, ఎందరు మెచ్చుకున్నారో, ఆ మాటకి సరితూగింది మళ్ళీ వినలేదు.

బయటి అంచు చూసేవాళ్ళది. లోపలి అంచు పెట్టుకున్నవాళ్ళది. ఇది నా అభిప్రాయం. ఆ మెరుగు గదిలో కూర్చున్న మనిషి అభిప్రాయం నాకేం తెలుసు.

ఫిర్యాదు రాయకుండా ఒక వారం ఆగు. వారం తర్వాతా ఇంతే కోపం ఉంటే అప్పుడు రాయి.

మామయ్య

*

డిజైన్ గది
మే 14

మామయ్యా,

ఆగలేదు. నీ ఉత్తరం వచ్చేసరికే ఇచ్చేశాను.

రెండో పెట్టె కూడా అలాగే వచ్చింది. అంచు పాడైందని చెప్తే వీళ్ళకి చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, నీకు కోపం రాకపోతే. బరువంటే మాత్రం వింటారు. అందుకని బరువు రాశాను. తెర మీద ఉన్న బరువుకీ మెరుగయ్యాక వచ్చిన బరువుకీ ఉంగరానికి నూట అరవై మిల్లీగ్రాములు తేడా. పన్నెండింటికీ పట్టిక గీసి ఇచ్చాను.

మేనేజరు పట్టిక చూసి, "ఇది అంచు సంగతి కాదు, దొంగతనం" అన్నాడు. నేను ఆ మాట అనలేదు. అంచే అన్నాను. "రజను తిరిగి రాదా" అని అడిగాను. ఆరుగురి రజనూ ఒకే డబ్బాలో పడుతుందట, నెలకోసారి కరిగిస్తారట, ఎవరిదెంతో ఎవరికీ తెలీదట. ఆ ఉంగరాలు చేసిన మనిషిని ఆ రోజే మాన్పించారు. లెక్క తేలేదాకా సామాను కూడా తీసుకెళ్ళనివ్వలేదట.

మూడో పెట్టె నేను గీసింది గీసినట్టు వచ్చింది. అంచు కత్తిలా ఉంది. చాలా బాగుంది.

సంతోషంగా ఉండాలి కదా. ఏదో నలతగా ఉంది. నువ్వు ఒక వారం ఆగమన్నందుకేనేమో. వచ్చే నెల సూపర్‌వైజరు నన్ను ఆ గదికి తీసుకెళ్తాడట, ఇకముందు ఇలా జరక్కుండా గీతలు ఎలా చదవాలో వాళ్ళకి చెప్పాలట.

ఎండలో నడకలు తగ్గించు.

మేనకోడలు

*

బస్టాండు బెంచీ
జూన్ 3

మామయ్యా,

బస్సు దిగేదాకా సూపర్‌వైజరు చెప్పలేదు మన ఊరని.

మార్కెట్టు వెనక సందు, మూసేసిన ప్రెస్సు పైన గది. ఆరు స్టూళ్ళు. కిటికీ పక్క స్టూలు ఖాళీగా ఉంది. దాని ముందు బల్లకి బిగించిన పనిచెక్క మీద కాకి ఉంది. ఒంటికాలిది.

ఎవరిదని అడిగాను. పక్క స్టూలు మీద పనిచేసే ఆవిడ చెప్పింది. "మాన్పించేశారే, ఆ పెద్దాయనదమ్మా. చెవులు వినపడవు. బంగారం ఏం చేశావని ఈ సూపర్‌వైజరు గారు అరుస్తుంటే, పాపం, రెండు చేతులూ చాపి చూపించి నవ్వుతూ నిలబడ్డాడు. రెండేళ్ళు నా పక్కన కూర్చున్నాడు. ఆయన వెళ్ళేముందు గోళ్ళ సందులు కూడా బ్రష్షుతో దులిపి పోయేవాడమ్మా."

అది నువ్వేనా అని అడగను. కాకిని గీసింది నేనే.

ఇంటికి రెండు మలుపులే. రాలేకపోయాను. అత్తయ్య తలుపు తీస్తే ఏం చెప్పాలి. మూడింటి బస్సుకి వెళ్ళిపోతున్నాను.

నడకట. కూర్చోడానికి చోట్లున్నాయట.

*

వరండా
జూన్ 9

వెలిగారానికి,

నేనే.

అంచు మీద ఎవరి పేరైనా రాసి ఉంటుందా, నువ్వేం చేస్తావు. ముందు అన్నం తిను, తర్వాత చదువు.

కొట్టు మూశాక మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాను. మీ అత్తయ్య గిన్నెలన్నీ తోమి తళతళలాడించేశాను. చివరికి ఆవిడే, "ఎక్కడికైనా వెళ్ళి బంగారాన్ని తోముకో, నా మూకుళ్ళని వదిలెయ్" అంది. వెళ్ళాను. ముట్టనని ఒట్టు పెట్టుకున్న చేత్తోనే ముట్టాను. అందరి ముందూ అన్న మాటని ఎవరికీ తెలియకుండా మింగడం ఎంత కష్టమో నీకు ఇప్పుడే తెలియదు. నీకు ఎలా రాయను? నువ్వు ఎగతాళి చేస్తావని భయం. చెయ్యవని ఇంకా భయం.

ఆ పెట్టె విప్పిన రోజు చెప్తాను. నీ మొదటి ఉత్తరం వచ్చిన పది రోజులకి. గట్టు చూశాను. ఒక పక్కకి ఒరిగి ఉంది. గంధం సబ్బు మీద గుండుసూదితో గీసినదే, ఇప్పుడు బంగారంలో. పక్కావిడకి చూపించి, "ఇది మా పిల్ల" అన్నాను. ఆవిడ ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మీ పోలికే" అంది. ఆ రోజు పనంతా నవ్వుకుంటూ చేశాను. లోపల వేలు పెట్టి చూస్తే అంచు కోసుకుంది. మా పిల్ల ఉంగరం ఎవర్నీ కొయ్యకూడదని రాశాను. గీతలో లేదని తెలుసు. అడిగి చెయ్యాల్సింది. అడిగితే నేనెవరో చెప్పాలి.

దొంగ అన్న మాట నాకు వినపడింది. దానికి చెవులు అక్కర్లేదు, అనేవాడి మూతి చూస్తే చాలు. నేను నవ్వింది దానికి కాదు. నీ పట్టిక నా ముందు పడేశాడు. ఉంగరానికి ఇంతని, పన్నెండింటికీ, వరసగా. నలభై ఏళ్ళలో నా అంచు కనిపెట్టినవాళ్ళు లేరు. పెట్టుకున్నవాళ్ళకీ తెలీదు, తెలియకూడదు కూడా. నువ్వు పట్టేశావు. ఆ సంతోషంలో నవ్వొచ్చింది. వేళ కాని వేళ నవ్వు, ఏం చెయ్యను.

మనం చుట్టాలమని అక్కడ చెప్పకు. నీ కుర్చీ పోతుంది.

మామయ్య

*

డిజైన్ గది
జూన్ 20

మామయ్యా,

కుర్చీ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ఊరుకో.

నువ్వు రాసిన ఉంగరం ఒకటీ, నా అంచున్నది ఒకటీ ట్రయల్ కోసమని అడిగి తీసుకున్నాను. ముందు నాది పెట్టుకుని రోజంతా మౌస్ పట్టుకున్నాను. సాయంత్రానికి వేలి మొదట్లో ఎర్రటి గాటు. మర్నాడు నీది పెట్టుకున్నాను. ఇంటికి వెళ్ళేటప్పుడు ఉంగరం వెనక్కివ్వమని సెక్యూరిటీ ఆపితే, ఏ ఉంగరం అన్నాను. ఇంతకంటే ఏం రాయాలో నాకు తెలీదు.

ఇక దొంగ సంగతి. బంగారం ఎక్కడికి పోయిందో తెరే చెప్పగలదు. నువ్వు రాసిన అంచు గుండ్రం ఎంతో కొలిచి నా బొమ్మలో అంతే గుండ్రం పెడితే, తగ్గిన బరువు తెలుస్తుంది. అది నూట అరవైకి సరిపోతే, పోయిందంతా ఆకురాయి కిందే పోయిందని లెక్క. రజను డబ్బాలోనే ఉందని లెక్క. ఒక్క చుక్క గడప దాటలేదని లెక్క.

కొలిచాను. అర మిల్లీమీటరు గుండ్రం. పెట్టాను. బరువు తొంభై తగ్గింది.

తొంభైయే. మూడుసార్లు చేశాను.

మామయ్యా, దాచకుండా అడుగుతున్నాను. మిగతా డెబ్బై ఎక్కడ?

మేనకోడలు

*

జూన్ 28

డిజైనరు గారికి,

తమరు అడిగిన డెబ్బై మిల్లీగ్రాముల గురించి జవాబు.

తమరి పట్టీ మీద గట్టు ఒక పక్కకి ఒరిగి ఉంది. కనక ఆ ఉంగరానికి గోరు వైపు అంచు ఒకటి, వేలి మొదలు వైపు అంచు ఒకటి ఉన్నాయి. ఎవరు పెట్టుకున్నా గట్టు గోరు వైపు ఉండేటట్టే పెట్టుకుంటారు. గుప్పిట మూస్తే చర్మంలో దిగేది మొదలు వైపు అంచు. అందుకని అటు ఎక్కువ, గోరు వైపు తక్కువ రాయడం జరిగింది. రెండూ ఒకటి కావు. ఏ ఉంగరానికీ రెండూ ఒకటి చెయ్యలేదు.

తమరు ఒక అంచు కొలిచి, రెండోది అద్దంలో చూసుకుని ఉంటారు.

ఇట్లు,
మెరుగు పనివాడు

అమ్మడూ, అత్తయ్యని. ఏం రాశావే ఈయనకి? రెండ్రోజులుగా అన్నం కెలికి లేస్తున్నాడు. ఉత్తరం చూపించమంటే చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఊళ్ళో అందరూ దొంగ అన్నా మనిషి ఇలా లేడు.

*

డిజైన్ గది
జులై 4

మామయ్యా,

తిట్టు. కొట్టు. "తమరు" అనకు.

అద్దం బొమ్మే నొక్కాను. ఒక అంచు కొలిచాను, రెండోది అదేలే అనుకున్నాను. అలవాటు. రోజంతా వేలికి పెట్టుకుని కూడా గమనించలేదు ఏ వైపు ఎక్కువ మెత్తగా ఉందో. రెండో అంచు కొలిస్తే సున్నా పాయింట్ ఎనిమిది వచ్చింది. పన్నెండింటిలోనూ అంతే, వెంట్రుకవాసి తేడా లేదు. చేత్తో, కంటి కొలతతో ఇదెలా చేశావో నాకు అర్థం కాదు. బొమ్మలో పెట్టాను. బరువు నూట అరవై మూడు తగ్గింది. నా పట్టిక నూట అరవై అంటోంది. మూడు మిల్లీగ్రాములు కంపెనీయే నీకు బాకీ.

నిన్ను అలా అడగకూడదు. అడిగాను. ఆ మాట నేను వెనక్కి తీసుకున్నా నీ చెవిలోంచి పోదని తెలుసు, ఈ ఒక్కటి నీ చెవి సరిగ్గా వింటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ బొమ్మ ఇంకా ఎవరికీ చూపించలేదు.

చూపిస్తే నీ మీద పడ్డ మాట పోతుంది. ఎవరూ నోరెత్తలేరు. కానీ చూపించిన క్షణం నుంచి ఆ అంచు బొమ్మలో ఉంటుంది. మైనంలోనే గుండ్రంగా దిగుతుంది, పోతలోనే గుండ్రంగా వస్తుంది. సూపర్‌వైజరుని మాటవరసకి అడిగాను, అంచు బొమ్మలోనే ఉంటే మెరుగు గదిలో ఏం పనుంటుందని. "బ్రష్షు మిషన్ చాలు. ఆకురాయి పట్టే మనిషి అక్కర్లేదు" అన్నాడు. పట్టీ ఉంగరాలకి ఇక ఆ కిటికీ పక్క స్టూలే ఉండదు. పైగా మూడో పెట్టెలోవి కోసుకుంటున్నాయని అమ్మకాల కౌంటరు వాళ్ళు వెనక్కి పంపారు, ఈ అంచు పెట్టిస్తే మేనేజరు నన్ను పర్మనెంట్ చేస్తాడు. నీ చెయ్యి దొంగిలించి నేను కుర్చీ ఎక్కాలి.

చూపించకపోతే నువ్వు దొంగవి.

నువ్వు ఏదంటే అది. నాకు చేతకావడం లేదు.

నీ మేనకోడలు

*

వరండా
జులై 11

వెలిగారానికి,

చూపించు.

ఇందులో ఇంత ఆలోచించడానికి ఏముంది. ఆ స్టూలు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు పోతుంది. ప్రెస్సు మూసినప్పుడు కింద అక్షరాలు పేర్చేవాళ్ళు పోలేదూ. కానీ అంచు పోకూడదు. నాతోనే పోతుందనుకున్నాను. నీకు నేర్పనన్నాను, తప్పు చేశాను, ఇంతకాలం ఆ మాట నోటితో అనలేక ఊరుకున్నాను. నేర్పకపోతే ఏం, ఫిర్యాదు రాసి మరీ నేర్చుకున్నావు. ఇలాంటి శిష్యురాలిని ఎవరూ కనీ వినీ ఎరగరు.

ఒకటి మాత్రం బొమ్మలో పెట్టు. పెద్ద కొలతలకి ఎనిమిది చాలదు. బొద్దు వేళ్ళకి గుప్పిట మూస్తే కండ ఎక్కువ పొంగుతుంది. ఇరవై కొలత దాటితే తొమ్మిది పెట్టు. సన్నటి పట్టీకి రెండు వైపులా తగ్గించు. మిగతావి ఒక్కోటీ గుర్తొచ్చినప్పుడు రాస్తాను. కాగితాలు దాచుకో.

ఈ కవరులో నూలు పోగు ఒకటి పెట్టాను. చూసి పారెయ్యకు. దానికి రెండు ముళ్ళున్నాయి. చివర నుంచి మొదటి ముడి దాకా నా ఉంగరం వేలి మొదలు చుట్టు. రెండో ముడి దాకా కణుపు చుట్టు. కణుపు వాచిపోయి లావైంది, మొదలు మాత్రం సన్నంగానే ఉంది. ఎక్కడానికి వదులు కావాలి, ఎక్కాక బిగువు కావాలి. నీ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో చూద్దాం.

ఉంగరాల పనివాడి వేలికి ఉంగరం ఉండదే. ఆకురాయికి అడ్డం వస్తుంది. పద్దెనిమిదేళ్ళకి ఆ గదిలో కూర్చున్నప్పుడు వేలిది తీసేశాను, ఇంతకాలం మళ్ళీ పెట్టుకోలేదు. మీ అత్తయ్యకి నాలుగు చేశాను, నాకోసం ఒక్కటి చేసుకోలేదు. ఇక అడ్డం రావడానికి ఏముంది.

బంగారం వద్దు. వెండి చాలు.

మామయ్య

*

డిజైన్ గది
ఆగస్టు 2

మామయ్యా,

చూపించాను. మేనేజరు నీకు ఉత్తరం రాశాడు, రిజిస్టరు పోస్టులో వస్తుంది, సంతకం పెట్టి తీసుకో. మొదట "అవగాహన లోపం వల్ల" అని రాశాడు. అవగాహన లోపం ఎవరికి అని అడిగాను. కొట్టేసి "మా పొరపాటు వల్ల" అని రాశాడు. నీకు నేనేమవుతానో అప్పుడే చెప్పాను. "ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. ముందు నాకు తెలీదు అన్నాను. నీ పక్క స్టూలు ఆవిడ కూడా ఆకురాయి మానేసి బ్రష్షు మిషన్ దగ్గరికి మారింది, నిన్ను అడిగానని చెప్పమంది. నీ పనిచెక్క ఇప్పించుకున్నాను, నా సంచిలో ఉంది.

కుర్చీ ఇచ్చారు. చక్రాలున్నాయి, ఊరికే జారిపోతోంది. నాకు నచ్చలేదు. కూర్చుంటాను.

నీ నూలు కొలిచాను. కణుపుకీ మొదలుకీ మధ్య మూడు కొలతల తేడా ఉంది, ఆ వేలు ఎవరు చూసినా భయపడతారు. రెండు రోజులు పట్టింది. గట్టు పెట్టలేదు, ఏమీ పెట్టలేదు, ఒట్టి పట్టీ. వెండిలో పోత పోయించాను. లోపలి అంచులు మాత్రం బొమ్మలో గుండ్రం చెయ్యలేదు. ఎంత చెయ్యాలో ఏ పట్టికలోనూ లేదు, నీ కణుపు ఏ వైపు నొప్పో నాకు తెలీదు.

ఆదివారం పది గంటల బస్సుకి వస్తున్నాను. బల్ల కిటికీ దగ్గరికి జరిపి ఉంచు. ఆకురాయి ఈసారి నాకివ్వు. నువ్వు స్టూలు మీద చెయ్యి చాపి కూర్చో. ఉంగరం పెట్టి తీస్తూ ఉంటాను, గుచ్చుకున్న చోటల్లా చెప్పు, రాస్తాను.

నీ మేనకోడలు